హైలాండ్సు మన్యమునందలి రెండు కోటలు

స్కాట్లండుదేశపు ఉత్తరభాగమున హైలాండ్సు అను పర్వతప్రాంతము గలదు. అచ్చట ఊదారంగు పూలపొదలు గప్పిన కొండలును, వాని నడుమ నిడుపాటి సరస్సులును, లోనికి చొచ్చుకొనివచ్చిన సముద్రపు పాయలును గలవు. పూర్వము ఆ సీమలో దారులు తక్కువ, నీటిమార్గమే ముఖ్యము. కావున కోటలు పెక్కులు నీటియొడ్డున కట్టబడెను. వానిలో రెంటిని మన మిచ్చట చూతము.

మొదటిది అర్కర్టు కోట. ఇది సుమారు 37 కిలోమీటర్ల పొడవుగల నెస్ సరస్సు గట్టున నున్నది. 1689లో ప్రభుత్వసేన, సింహాసనము గోల్పోయిన జేమ్సురాజు పక్షమువారి నెదిర్చి దీనిని నిలుపుకొనెను. 1692లో వెడలిపోవుచు, కోట శత్రువుల కుపయోగపడకుండునట్లు ఆ సైనికులే ద్వారగోపురమును తుపాకిమందుతో పేల్చివేసిరి. ఆ గోడల తునుకలు నేటికిని అచ్చటనే పడియున్నవి.

రెండవది ఐలియన్ డోనన్. మూడు సముద్రపు పాయలు కలిసికొనుచోట, చిన్న దీవిపై 13వ శతాబ్దమున ఇది వెలసెను. 1719లో ఆ రాజు కుమారునికి తోడుగా వచ్చిన స్పెయిను సైనికులు ఇందు తుపాకిమందు పీపాలను నిలువచేసిరి. బ్రిటిషు యుద్ధనౌకలవారు కోటను పట్టుకొని, ఆ మందుతోడనే దానిని కూల్చిరి. దాదాపు 200 సంవత్సరము లది పాడుపడియుండెను. 1911లో మక్రే-గిల్‌స్ట్రాప్ అను సైనికోద్యోగి దానిని కొని, 1932 నాటికి తిరిగి కట్టించెను. పటములలో మనము చూచు సుందరమైన కోట ఇదియే.

కూల్చుటకు కొలదిదినములు చాలెను. కట్టుటకు ఇరువదియేండ్లు పట్టెను. రెంటిని కూల్చినదియు లోపల దాచిన మందే. మన హృదయములలో మన మేమి నిలువచేయుచున్నామో విద్యార్థులు యోచింతురు గాక.