చెవికి అందే పాఠం

పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతం నాలుగు భాగాలుగా ఉన్నది. పుదుచ్చేరి, కారైకాల్‌లలో తమిళం, మాహేలో మలయాళం, యానాంలో తెలుగు ప్రధాన భాషలు. ఒకే పాఠం ఆ విద్యార్థులందరికీ చేరాలంటే అది మూడు భాషలలో పలకాలి. ఆన్‌లైన్ పాఠాలకు వ్యాఖ్యానం వ్రాసేవారి బాధ్యత ఇక్కడే మొదలవుతుంది.

ఈ బాధ్యత కొత్తది కాదు. 1975-76లో ‘సైట్’ ప్రయోగం ద్వారా ఉపగ్రహ టెలివిజన్ ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు చేరింది. ఆంధ్రప్రదేశ్ గ్రామాలకు కార్యక్రమాలు తెలుగులో ప్రసారమయ్యాయి. 2017లో ప్రారంభమైన ‘స్వయం’ వేదిక కళాశాల పాఠాన్ని ఇంటికే తెచ్చింది. సాధనం మారినా శ్రోత అవసరం మారలేదు. వెనుకకు త్రిప్పి వినే వీలున్నా, అడుగడుగునా అలా వినవలసివస్తే పాఠంపై మనసు నిలువదు.

ఉదాహరణకు, పుదుచ్చేరి పట్టణంలోని ముదలియార్‌పేట 1898లో స్థాపితమైన ఆంగ్లో-ఫ్రెంచ్ వస్త్రాల మిల్లుకు నెలవుగా ఉండేది. ఈ పట్టణపు మిల్లు కార్మికుల చరిత్రను పాఠంగా వ్రాసేటప్పుడు ఇటువంటి వాక్యం రావచ్చు: “ఏ కార్మికులైతే 8 గంటల పనిదినమును కోరియుండిరో, వారిపై 1936 జూలై 30న పోలీసులచే జరుపబడిన కాల్పులలో 12 మంది మృతిచెందుట జరిగినది.”

ఇందులో వ్యాకరణ దోషం లేదు. కాని తెలుగు నడక లేదు. ‘ఏ... అయితే... వారు’ అన్నది హిందీ వాక్యపు అచ్చు. ‘చే జరుపబడిన’, ‘మృతిచెందుట జరిగినది’ అనేవి కార్యాలయ కాగితాల భాష. పన్నెండు ప్రాణాలు పోయిన సంగతి వాక్యం చివర మరుగునపడింది. దానినే ఇలా చెప్పవచ్చు:

“రోజుకు ఎనిమిది గంటల పని చాలునని కార్మికులు కోరారు. సమ్మె చేశారు. పందొమ్మిది వందల ముప్పై ఆరు, జూలై ముప్పైన పోలీసులు వారిపై కాల్పులు జరిపారు. పన్నెండు మంది మరణించారు.”

వాక్యానికి ఒక సంగతి చాలు. ఎవరు చేశారో ముందు చెప్పి, క్రియతో ముగించాలి. అంకెలను పలికే తీరులోనే వ్రాయాలి. సాంకేతిక పదం వచ్చినప్పుడు దాని అర్థాన్ని తరువాతి వాక్యంలోనే చెప్పాలి. తెరపై కనిపించే బొమ్మను మళ్ళీ వర్ణించక, దానిలో చూడవలసినదేదో సూచించాలి.

వాడుక భాష అంటే అలక్ష్యపు భాష కాదు. చదువు జీవద్భాషలో సాగాలని గిడుగు రామమూర్తి పంతులు (1863-1940) పోరాడినది విషయం తేలికపడాలని కాదు, విద్యార్థికి అందాలని. వ్రాసిన ప్రతిని ఒకసారి బిగ్గరగా చదివితే, ఊపిరి ఆగినచోట వాక్యం విరవాలని తెలుస్తుంది. నాలుక తడబడినచోట మాట మార్చాలని తెలుస్తుంది. అప్పుడు ముదలియార్‌పేట చరిత్ర యానాం విద్యార్థికి అనువాదంగా కాక, తన దేశపు కథగా వినిపిస్తుంది.