గాలిమర చప్పుడు రాత్రిపూట ఎందుకు పెరుగుతుంది?

తుళ్లూరు ప్రాంతంలో మిరపకాయలు కళ్లాల్లో ఎండబోసినప్పుడు రైతులు రాత్రిళ్లు అక్కడే కాపలా పడుకుంటారు. మీరు తాతయ్యతోనో, నాన్నతోనో అలా పడుకుని ఉంటే ఒక వింత గమనించే ఉంటారు. పగలు వినిపించని పక్క ఊరి మైకు పాట, రాత్రి తొమ్మిదింటికి పక్క చేలో పాడుతున్నట్లే వినిపిస్తుంది. మైకు మారలేదు, దూరమూ తగ్గలేదు. మరి పాట అంత దగ్గరికి ఎలా వచ్చింది?

ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే, గాలిమరల పక్కన కాపురముండేవారి కష్టం కూడా తెలుస్తుంది.

తుళ్లూరు మైదానంలో గాలిమరలు లేవు. వాటిని చూడాలంటే రాయలసీమకు వెళ్లాలి. అనంతపురం వైపు రామగిరి కొండల మీద 1990వ దశకంలోనే విద్యుత్తు తీసే గాలిమరలు నిలబెట్టారు. ఆ తరువాత ఉరవకొండ ప్రాంతంలోనూ వెలిశాయి. వీటికి బొగ్గు అక్కరలేదు, పొగ రాదు. కాని చప్పుడు వస్తుంది.

చప్పుడు ఎక్కడిది?

స్తంభం మీది పెట్టెలో ఉండే పళ్లచక్రాల రొద కొంత. అసలు చప్పుడు మాత్రం రెక్కలు గాలిని కోయడం వల్ల పుడుతుంది. 100 మీటర్ల వ్యాసం గల చక్రం నిమిషానికి 15 సార్లు తిరుగుతున్నదనుకోండి. చూసేవారికి నింపాదిగానే కనిపిస్తుంది. లెక్క వేస్తే రెక్క కొస వేగం గంటకు సుమారు 280 కిలోమీటర్లు! ఈ చప్పుడు శక్తి వేగపు అయిదవ ఘాతాన్ని అనుసరించి పెరుగుతుంది. అంటే వేగం సగమైతే చప్పుడు శక్తి 32వ వంతుకు పడిపోతుందన్న మాట.

పైగా ఆ చప్పుడు ఒకే తీరుగా ఉండదు. రెక్క కిందికి దిగినప్పుడల్లా ‘వుష్... వుష్...’ మని హెచ్చి తగ్గుతుంది. ఒకే తీరున మోగే మోటారు రొదకు చెవి అలవాటు పడుతుంది. హెచ్చి తగ్గే చప్పుడు మాటిమాటికీ మనసును లాగుతుంది.

రాత్రి ఏం జరుగుతుంది?

పగలు నేల వేడెక్కి, దానిని అంటిన గాలీ వేడెక్కుతుంది. రాత్రి నేల త్వరగా చల్లారుతుంది. కింద చల్లని గాలి, పైన వెచ్చని గాలి ఉంటాయి. ధ్వని వెచ్చని గాలిలో వేగంగా పోతుంది. అందుచేత తరంగం పైభాగం ముందుకు సాగి, తరంగమంతా నేల వైపు వంగుతుంది. పగలు ఆకాశంలోకి పోయే ధ్వని రాత్రి మన చెవికి చేరుతుంది. మైకు పాట రహస్యం ఇదే.

గాలిమర విషయంలో ఇంకో చిక్కు ఉంది. రాత్రి నేల దగ్గర ఆకు కదలకపోయినా, 100 మీటర్ల ఎత్తున గాలి బలంగా వీచవచ్చు. మర తిరుగుతూనే ఉంటుంది. దాని చప్పుడును కప్పే ఆకుల గలగల కాని, ట్రాక్టర్ల మోత కాని ఉండవు. పగలు చూడవచ్చినవారు “ఏమంత చప్పుడు?” అంటారు. వారు చెప్పేదీ నిజమే, రాత్రి నిద్ర పట్టలేదనేవారు చెప్పేదీ నిజమే!

కొంచెం లెక్క

పెద్ద గాలిమర ధ్వని సామర్థ్యం సుమారు 105 డెసిబెల్సు. గాలి పీల్చుకునేది వదిలేస్తే, 500 మీటర్ల దూరాన సుమారు 43 డెసిబెల్సు వినిపిస్తుంది. దూరం రెట్టింపైతే 6 తగ్గుతుంది. అంతే దూరంలో రెండో మర పెడితే 3 పెరుగుతుంది. మన దేశపు 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు హద్దు 45 డెసిబెల్సు. చూశారా! ఒక మర హద్దులో ఉంది, రెండు కలిస్తే 46 అయి హద్దు దాటాయి. ఇళ్లకు 500 మీటర్ల లోపు మరలు పెట్టరాదని 2016లో కేంద్ర మార్గదర్శకాలు చెప్పాయి. కాని దూరం ఒక్కటే చాలదు, ఎన్ని మరలో కూడా లెక్కించాలి.

ఈ మాత్రం చప్పుడుకు చెవుడు రాదు. నిద్ర చెడవచ్చు, చిరాకు పెరగవచ్చు. నిద్ర చాలని పిల్లవాడికి మర్నాడు పాఠం ఎక్కుతుందా?

ఉపాయాలు లేకపోలేదు. గుడ్లగూబ ఈకల అంచున కుచ్చుల వంటివి ఉండి, అది చప్పుడు లేకుండా ఎగురుతుంది. అదే తీరున రెక్కల వెనుక అంచుకు రంపపు పళ్లు అమర్చుతున్నారు. రాత్రి వేగం పదోవంతు తగ్గించినా చప్పుడు శక్తి సుమారు నలభై శాతం తగ్గుతుంది. కొంత విద్యుత్తు మాత్రం నష్టపోవాలి. అన్నిటికన్నా మేలైనది, మర నిలబెట్టక ముందే రాత్రి నిశ్శబ్దాన్ని కొలిచి, ఊరివారితో మాట్లాడి చోటు నిర్ణయించడం.

మీరే చేసి చూడండి: చెక్క స్కేలు రంధ్రానికి గట్టి దారం కట్టి, దగ్గర ఎవరూ లేని మైదానంలో గుండ్రంగా తిప్పండి. మెల్లగా తిప్పితే చప్పుడుండదు. వేగం పెంచితే బుర్రుమని మోగుతుంది.

ఆలోచించండి: పై లెక్క ప్రకారం కిలోమీటరు దూరాన నాలుగు మరలుంటే ఎన్ని డెసిబెల్సు వినిపిస్తుంది? అది రాత్రి హద్దులో ఉంటుందా?