‘మాక్రోస్కోపిక్’ అంటే ఏమిటి? ఇంట్లో పిల్లలకు ఎలా చెప్పాలి?

మీ పిల్లల సైన్స్ నోట్‌బుక్‌లో ‘మాక్రోస్కోపిక్’ అనే పదం కనిపిస్తుంది. చాలామంది పిల్లలు దీన్ని ‘మైక్రోస్కోపిక్’ అని పొరబడతారు. పలకడానికి దగ్గరగా ఉన్నా, రెండింటి అర్థాలూ పూర్తిగా వ్యతిరేకం.

గ్రీకు భాషలో ‘మాక్రోస్’ అంటే పెద్దది, పొడవైనది. ‘స్కోపిన్’ అంటే చూడటం. మైక్రోస్కోప్ లేకుండా మామూలు కంటికి కనిపించేది మాక్రోస్కోపిక్. తెలుగులో ‘స్థూల’ అంటాం. మైక్రోస్కోపిక్ అంటే ‘సూక్ష్మ’. సుమారు 0.1 మిల్లీమీటరు కంటే చిన్నవాటిని మన కన్ను విడిగా గుర్తుపట్టడం కష్టం.

మీ వంటింట్లోనే మంచి ఉదాహరణ ఉంది. రాత్రి పాలు తోడుపెడితే ఉదయానికి గడ్డపెరుగు అవుతుంది. పాలు గట్టిపడటం, పులుపెక్కడం స్థూల మార్పులు. తోడులోని బ్యాక్టీరియా పాలలోని చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మార్చడం, ఆ ఆమ్లం వల్ల పాల ప్రోటీన్లు ఒకదానికొకటి అతుక్కోవడం సూక్ష్మ స్థాయిలో జరిగే పని. కంటికి కనిపించే మార్పుకు కారణం కంటికి కనిపించని చోట ఉంది. సైన్స్‌లో ఈ పదం అవసరమే అందుకోసం.

పై తరగతుల్లో ఈ అర్థం ఇంకాస్త విస్తరిస్తుంది. 18 గ్రాముల నీటిలో దాదాపు 6 పక్కన 23 సున్నాలు పెట్టినన్ని అణువులు ఉంటాయి. ఉష్ణోగ్రత, పీడనం ఆ గుంపు మొత్తానికి చెందిన లక్షణాలు. ఒక్క అణువుకు ఉష్ణోగ్రత ఇంత అని చెప్పలేం. అందుకే వాటిని స్థూల ధర్మాలు అంటారు.

ఇది మార్కుల కోసం మాత్రమే కాదు. ‘నీళ్లు తేటగానే ఉన్నాయిగా’ అనేది స్థూల పరిశీలన. ఆ తేట నీటిలోనే టైఫాయిడ్ బ్యాక్టీరియా ఉండవచ్చు. కాచి చల్లార్చిన నీళ్లు ఎందుకు తాగాలో ఈ తేడా తెలిసిన పిల్లలకు వేరే చెప్పనక్కర్లేదు.

మీరు తెలుగు మీడియంలో చదివారని వెనకాడకండి. డెఫినిషన్ అప్పజెప్పమని అడగవద్దు. పెరుగన్నం కలుపుతూ రెండే ప్రశ్నలు అడగండి: “నీకు కనిపించిన మార్పు ఏమిటి? కనిపించకుండా లోపల ఏం జరిగి ఉంటుంది?” తెలుగులో జవాబు చెప్పినా చాలు, పాఠం అర్థమైనట్టే. ఇంగ్లిష్‌లో రాయించే బాధ్యత మాది.

– మీ సైన్స్ టీచర్