సరిపడని సైకిలు

1894వ సంవత్సరము జూన్ నెలలో అమెరికాలోని బోస్టను నగరమునుండి ఒక యువతి సైకిలుపై భూప్రదక్షిణమునకు బయలుదేరెను. ఆమె పేరు ఆనీ కోహెన్ కోప్‌చోవ్‌స్కీ. లాట్వియా ప్రాంతమున పుట్టి, బాల్యముననే అమెరికా చేరినది. ముగ్గురు పసిబిడ్డల తల్లి. లండన్‌డెరీ అను ఊటనీటి కంపెనీవారు తమ ప్రకటన పలకను సైకిలుకు కట్టుకొన్నందుకు ఆమెకు నూరు డాలర్లిచ్చిరి. ఆ కంపెనీ పేరే మారుపేరయి, ఆమె ఆనీ లండన్‌డెరీ యని లోకమునకు తెలిసెను. పదునైదు నెలలలో తిరిగి రావలెనని పందెము గలదని ఆమె చెప్పుచుండెను. అట్టి పందెము నిజముగా ఉండెనా యని తరువాతివారు సందేహించిరి. గడువు మాత్రము ఆమె విడువలేదు.

ఆశ్చర్యమేమన, బయలుదేరుటకు కొద్ది దినముల ముందువరకు ఆమెకు సైకిలు తొక్కుటయే రాదు! ఎట్టి బండి తనకు తగునో పరీక్షించుకొను వ్యవధి ఎక్కడిది? దూరయాత్రకు పోవువారు ముందుగా సీటు ఎత్తు చూచుకొనవలెను. సీటుపై కూర్చుండి, క్రిందికి దిగిన పెడలుపై మడమ నుంచినచో కాలు చాపినట్లుండవలెను. మోకాలు మిక్కిలి వంగినచో సీటు పైకెత్తవలెను. వెనుక కారియరునకు సంచులు కట్టినప్పుడు, తొక్కు కాలి మడమ సంచికి తగులుట కలదు. అప్పుడు సంచిని వెనుకకు జరుపవలెను. ఖాళీ బండిపై ఈ లోపము కనబడదు. కావున సామానంతయు కట్టి, దారిలో ధరింపబోవు బట్టలతోనే ఒక పూట తొక్కి చూడవలెను. ఊరిలో రెండు వీథులు తిరిగి వచ్చిన చాలదు.

ఆనీకి సామాను బరువు లేదు. మార్చు బట్టలు, ఒక రివాల్వరు, అంతే. బరువంతయు బండిదే. నాటి మర్యాద ననుసరించి ఆమె పొడవైన పావడా ధరించి, స్త్రీలకొరకు చేసిన కొలంబియా సైకిలు నెక్కెను. అది 42 పౌనులు, అనగా సుమారు 19 కిలోగ్రాములు తూగును.

ఇంత బరువేల? పురుషుల సైకిలులో సీటు క్రిందినుండి హాండిలు వరకు అడ్డముగా ఒక గొట్టము ఉండును. అది యుండుటచేత పలుచని గొట్టములతోనే చట్రము గట్టిగా నిలుచును. పావడా కట్టినవారికి ఆ గొట్టము ఆటంకము. అందుచే స్త్రీల సైకిలులో దానిని క్రిందికి దించిరి. దించగానే చట్రము బలము తగ్గును. ఆ లోటు తీర్చుటకు ఇనుము ఎక్కువ వాడవలెను. పైగా బట్ట చిక్కుకొనకుండ చైనుకు తొడుగు, వెనుక చక్రమునకు దారపు వల. బట్టనుబట్టి బండి, బండినిబట్టి బరువు. మోయవలసినవి మాత్రము కాళ్ళు.

సెప్టెంబరు చివర చికాగో చేరునప్పటికి ఆమె 20 పౌనులు చిక్కిపోయెను. ఎదుట పడమటి కొండలు, వెంబడి శీతకాలము. ఇక ప్రయాణము మానుదునా యని తలచెను. ఈ స్థితిలో మరియొకరైనచో ఇంకొక స్త్రీల సైకిలును వెదకియుందురు. ఆనీ పావడానే విడిచి, వదులైన షరాయివంటి బ్లూమర్లు తొడిగెను. అప్పుడు పురుషుల సైకిలు ఎక్కుటకు అడ్డు లేకపోయెను. ఆమె కెక్కిన స్టెర్లింగు సైకిలు బరువు 21 పౌనులు, సరిగా సగము! దుస్తులు మార్చనిచో ఆ బండి దొరికియు ప్రయోజనము లేకుండెడిది.

దానికి బ్రేకు లేదు. చక్రముతోపాటు పెడళ్ళు తిరుగుచునే యుండును. పల్లమున కాళ్ళతో ఎదురునొక్కి వేగము తగ్గింపవలెను. అది ఆమె నేర్చుకొనెను.

శీతకాలములో పడమటి కొండలు దాటరానివి గనుక ఆనీ తూర్పునకు మరలి, న్యూయార్కులో ఓడ నెక్కి, ఫ్రాన్సులో దిగెను. అటుపిమ్మట చాల దూరము ఓడలలోనే గడచినదని విమర్శించినవారు కలరు. ఆ మాట కొంత నిజమే. 1895 మార్చి నెలలో శాన్‌ఫ్రాన్సిస్కో చేరి, ఆ సెప్టెంబరులో చికాగోకు తిరిగి వచ్చెను.