తుగ్గలి ప్రాంతం, కృష్ణా డెల్టా: దీర్ఘకాల ఉష్ణోగ్రతా మార్పును పోల్చే విధానం

పశ్చిమ కర్నూలులోని తుగ్గలి, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతం అల్ప వర్షపాత మండలానికి చెందినది. కృష్ణా డెల్టా సముద్ర ప్రభావం, కాలువల నీరు గల ప్రాంతం. ఈ రెండింటిలో ఏది ఎక్కువగా వేడెక్కుతున్నదో తెలిస్తే విత్తే సమయం, రకాల ఎంపిక, వాతావరణ ఆధారిత పంటల బీమా పరిమితులు మొదలైనవాటిని ఏ ప్రాంతంలో ముందుగా సవరించాలో నిర్ణయించవచ్చును. పోలిక తప్పుగా జరిగితే సిఫారసు కూడా తప్పుతుంది. నష్టం మాత్రం వేరుశనగ వేసిన రైతుకు కలుగుతుంది.

వేడిగా ఉండడం వేరు, వేడెక్కడం వేరు. మే నెలలో కర్నూలు సగటు గరిష్ఠ ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూగా ఉంటుంది. సముద్రపు గాలి వల్ల మచిలీపట్నంలో అంతకంటే తక్కువగా ఉంటుంది. ఆదోని సముద్ర మట్టానికి 400 మీటర్లకు పైన ఉండగా మచిలీపట్నం తీరాన ఉన్నది. ఈ తేడాలన్నీ శీతోష్ణస్థితికి సంబంధించినవే కాని మార్పుకు సంబంధించినవి కావు. అందువలన ప్రతి కేంద్రానికీ దాని సొంత 30 సంవత్సరాల సాధారణ విలువను, ప్రస్తుతం 1991–2020 కాలానిది, నెలవారీగా లెక్కించి, ఆయా సంవత్సరపు విలువ నుండి తీసివేయాలి. మిగిలిన విచలనాలనే పోల్చాలి.

రెండవ సమస్య దత్తాంశాలది. తుగ్గలి వంటి మండల కేంద్రాలలో దశాబ్దాల తరబడి ఉష్ణోగ్రతను నమోదు చేసిన వేధశాలలు ఉండవు. స్వయంచాలక వాతావరణ కేంద్రాలు ఇటీవలివి. ధోరణిని తేల్చడానికి వాటి కాలవ్యవధి చాలదు. కనుక ఈశాన్యాన కర్నూలు, దక్షిణాన అనంతపురం, పడమర బళ్ళారి వేధశాలలను కలిపి చూడవలసి ఉంటుంది. భారత వాతావరణ శాఖ గడుల దత్తాంశాలు 1951 నుండి లభిస్తున్నా, ఉష్ణోగ్రతకు సంబంధించి ఒక్కొక్క గడి ఒక డిగ్రీ అక్షాంశం, ఒక డిగ్రీ రేఖాంశం మేర, అనగా ప్రతి వైపు సుమారు 110 కిలోమీటర్లు, విస్తరించి ఉంటుంది. అటువంటి గడి విలువకు ‘తుగ్గలి ఉష్ణోగ్రత’ అని పేరు పెట్టడం సమంజసం కాదు.

పాత రికార్డులు వెదికే విద్యార్థులు మరొక విషయం గుర్తుంచుకోవాలి. తుగ్గలి ఉన్న పత్తికొండ తాలూకా మొదటి నుండి కర్నూలు జిల్లాదే అయినా, ఆదోని తాలూకా 1953 వరకు బళ్ళారి జిల్లాలో ఉండేది. 2022లో నంద్యాల వేరు జిల్లా అయింది. ‘కర్నూలు జిల్లా సగటు’ అన్న మాట 1950లోను, 2000లోను, 2023లోను మూడు వేర్వేరు భూభాగాలను సూచిస్తుంది! జిల్లా సగటులను కాక కేంద్రాల విలువలను వాడమనడానికి ఇదొక్కటే చాలిన కారణం. వేధశాల స్థలం మారినదా, చుట్టూ పట్టణం పెరిగినదా అన్నది కూడా పరిశీలించాలి. పట్టణ విస్తరణ ముఖ్యంగా కనిష్ఠ ఉష్ణోగ్రతను పెంచుతుంది.

తుగ్గలి ప్రాంతంలో అన్నిటికంటే జాగ్రత్తగా చూడవలసినది వర్షానికీ గరిష్ఠ ఉష్ణోగ్రతకూ గల సంబంధం. నేలలో తేమ ఉన్నప్పుడు సూర్యరశ్మి శక్తిలో అధిక భాగం నీటిని ఆవిరి చేయడానికి ఖర్చవుతుంది. బెట్ట పరిస్థితులలో అదే శక్తి నేలనూ గాలినీ వేడిచేస్తుంది. మెట్ట నేలలలో 2002 వంటి వర్షాభావ సంవత్సరపు ఖరీఫ్ పగళ్లు వేడెక్కడం, మంచి వర్షాలు పడిన ఏడాది చల్లబడడం ఇందువల్లనే. డెల్టాలో కాలువల కింద నిలువ నీటి వరి ఉన్నంతకాలం ఈ ఊగిసలాట తక్కువ. కాబట్టి కరువు సంవత్సరంతో ముగిసిన శ్రేణిలో పశ్చిమ కర్నూలు వేగంగా వేడెక్కినట్లు, వర్షపు సంవత్సరంతో ముగిసిన శ్రేణిలో చల్లబడుతున్నట్లు కనిపించవచ్చును. వర్షపాతాన్ని సహచర చలరాశిగా తీసుకొని, దాని ప్రభావాన్ని తొలగించిన తరువాత మిగిలే ధోరణిని విడిగా చూపాలి.

ధోరణి పరీక్షకు మాన్–కెండాల్ పద్ధతి, వాలు అంచనాకు సెన్ పద్ధతి వాడుకలో ఉన్నాయి. సెన్ పద్ధతిలో ప్రతి రెండు సంవత్సరాల జతకూ వాలు కట్టి, వాటి మధ్యగతాన్ని తీసుకుంటారు. 60 సంవత్సరాల శ్రేణిలో 1,770 జతలు వస్తాయి. ఒకటి రెండు అసాధారణ సంవత్సరాలు మధ్యగతాన్ని అంతగా కదిలించలేవు. పొరపాటు ఆ తరువాత జరుగుతుంది. కర్నూలులో ధోరణి గణాంకపరంగా సార్థకం, మచిలీపట్నంలో కాదు. కనుక రెండు ప్రాంతాల మార్పు వేరు అని రాస్తారు. ఇది చెల్లదు. ఒక వాలు సార్థకతా హద్దుకు కొంచెం పైన, మరొకటి కొంచెం కింద ఉన్నంత మాత్రాన వాటి మధ్య తేడా రుజువు కాదు. సరియైన మార్గం ఏటేటా ఒక కేంద్రపు విచలనం నుండి రెండవదాని విచలనాన్ని తీసివేసి, ఆ వ్యత్యాస శ్రేణికే ధోరణి పరీక్ష జరపడం. ఎల్‌నినో వంటి ఉమ్మడి ప్రభావాలు ఇందులో చాలావరకు రద్దవుతాయి. ఒక సంవత్సరపు విలువకు మరుసటి సంవత్సరపు విలువతో సహసంబంధం ఉంటే ముందుగా సవరించాలి.

ప్రపంచవ్యాప్తంగా భూభాగాలు సముద్రాలకంటే వేగంగా వేడెక్కుతున్నాయి. 1850–1900తో పోలిస్తే 2011–2020లో భూమిపై పెరుగుదల సుమారు 1.59 డిగ్రీలు, సముద్రంపై 0.88 డిగ్రీలు. దీనినిబట్టి లోతట్టు ప్రాంతం తీరాన్ని మించవచ్చునని ఆశించడం సహజమే. ఆ ఊహను వ్యత్యాస శ్రేణితో పరీక్షించాలి, ఫలితంగా ప్రకటించరాదు. గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలను వేరువేరుగా పరీక్షించడం కూడా తప్పనిసరి. వాటి సగటు ఎన్నో విషయాలను దాచివేస్తుంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ క్షేత్రంలో 1979–2003 మధ్య గరిష్ఠం 0.35 డిగ్రీలు పెరగగా కనిష్ఠం 1.13 డిగ్రీలు పెరిగినది. ఎండకాలపు వరిలో కనిష్ఠం ఒక డిగ్రీ పెరిగితే దిగుబడి సుమారు 10 శాతం తగ్గినట్లు అక్కడి శాస్త్రవేత్తలు 2004లో ప్రకటించారు. డెల్టాలో రాత్రి ఉష్ణోగ్రతకు ఇవ్వవలసిన ప్రాధాన్యం ఇక్కడ తెలుస్తుంది.

తుగ్గలి వేరుశనగకు కీలకం పూత దశలోని పగటి వేడి. గాలి ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటిన రోజులలో పుప్పొడి జీవశక్తి, కాయగా మారే పూల సంఖ్య తగ్గుతాయి. పత్తికొండ పరిసరాల టమాటాకు పగటి వేడితోపాటు రాత్రి వేడి కూడా పిందె కట్టడాన్ని దెబ్బతీస్తుంది. కాబట్టి వార్షిక సగటు ఎంత పెరిగినదన్న పట్టికకు పక్కనే, జూన్, జూలై విత్తనాలకు పూత వచ్చే వారాలలో 35 డిగ్రీలు దాటిన రోజులు దశాబ్దానికి ఎన్ని పెరిగాయో మరొక పట్టిక ఉండాలి. విస్తరణ శాస్త్రవేత్త గ్రామానికి తీసుకువెళ్ళవలసినది ఈ రెండవ పట్టికనే.