తల్లిపిల్లి, దాని పిల్లలు – మన బాధ్యత

నమాజు, రోజాల మస్అలాలను మనం ఎంతో శ్రద్ధగా అడిగి తెలుసుకుంటాము. కాని మన గడప దగ్గర తిరిగే మూగప్రాణుల హక్కుల విషయంలో తరచూ ఏమరుపాటుగా ఉంటాము.

గౌలిపుర వంటి పాతబస్తీ గల్లీల్లో వీధిపిల్లులు మెట్ల కింద, పాత సామాన్ల గదిలో, మేడ మీది నీళ్ల ట్యాంకు చాటున పిల్లలు పెడుతుంటాయి. కొందరు ఆ పిల్లలను గోనెసంచిలో వేసి దూరంగా వదిలి వస్తారు. మరికొందరు జాలితోనే పిల్లలను ఇంట్లోకి తెచ్చుకుని తల్లిని తరిమేస్తారు. రెండు విధాలుగానూ తల్లి నుంచి పిల్లలు దూరమవుతున్నాయి.

తల్లిని ఏడిపించరాదు

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) ఉల్లేఖనం అబూదావూద్‌లో ఉంది. ఒక ప్రయాణంలో సహాబాలు ఓ పక్షి పిల్లలు రెండింటిని పట్టుకున్నారు. తల్లిపక్షి రెక్కలు కొట్టుకుంటూ తల్లడిల్లింది. అది చూసిన దైవప్రవక్త (సఅసం) దాన్ని బాధపెట్టిందెవరని అడిగి, పిల్లలను తిరిగి ఇచ్చేయమని ఆదేశించారు. ఆ సహాబాల ఉద్దేశం హింసించడం కాదు. అయినా తల్లి బాధే అక్కడ లెక్కలోకి వచ్చింది.

పిల్లిని బంధించి, తిండి పెట్టక, తిరిగి తినడానికి వదలక చంపిన స్త్రీ నరకానికి పోయిందని సహీహ్ బుఖారీలో ఉంది. కాబట్టి పెంచుకుంటే పోషించాలి, లేదా స్వేచ్ఛగా వదలాలి.

పిల్లి వల్ల ఇల్లు నాపాక్ అవుతుందా?

హజ్రత్ అబూ ఖతాదా (రజి) వుజూ కోసం కోడలు కబ్షా నీళ్లు పోశారు. అంతలో పిల్లి వచ్చింది. మామగారు అది తాగేందుకు పాత్రను వంచారు. కోడలు ఆశ్చర్యంగా చూడగా, పిల్లి అపరిశుద్ధం కాదని, అది మన మధ్య తిరుగాడే ప్రాణి అని దైవప్రవక్త (సఅసం) చెప్పారని వివరించారు. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం వేరే నీళ్లు ఉండగా పిల్లి ఎంగిలి నీళ్లతో వుజూ చేయడం మక్రూహె తన్‌జీహీ. వేరే నీళ్లు లేకపోతే ఆ కరాహత్ కూడా లేదు. అయితే ఎలుకను తిన్న వెంటనే నోరు పెడితే ఆ నీళ్లు నాపాక్.

ఏం చేయాలి?

1. పిల్లలు ఒంటరిగా కనబడితే వెంటనే ఎత్తుకోవద్దు. తల్లి తిండికి వెళ్లి ఉంటుంది. కొన్ని గంటలు దూరం నుంచి గమనించాలి. వాన, మోరీ, కుక్కల ప్రమాదం ఉంటే మాత్రం ఆలస్యం చేయరాదు.

2. తరలించక తప్పకపోతే తల్లినీ పిల్లలనూ కలిపే, గాలి తగిలే పెట్టెలో తరలించాలి.

3. తల్లికి మంచినీళ్లు, ఉప్పూమసాలా లేని ఉడికించిన మాంసం పెట్టాలి. పిల్లలకు గేదెపాలు, ఆవుపాలు పోస్తే విరేచనాలు పట్టుకుంటాయి.

4. పుట్టిన పిల్లలకు వారం, పది రోజుల దాకా కళ్లు తెరుచుకోవు. తల్లి నాకితేనే మూత్రం వస్తుంది. తల్లి చనిపోయి ఉంటే పిల్లలను వెచ్చగా ఉంచి పశువైద్యుణ్ణి అడగాలి. 1992లో స్థాపించిన బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ వంటి సంస్థలనూ సంప్రదించవచ్చు.

5. సుమారు ఎనిమిది వారాల వరకు పిల్లలను తల్లి దగ్గరే ఉంచాలి. ఆ తర్వాత తల్లికి ఆపరేషన్ చేయించవచ్చు. ప్రయోజనం ఉన్నప్పుడు జంతువులకు సంతాన నిరోధం చేయించడాన్ని హనఫీ పండితులు అనుమతించారు. సంచిలో వేసి పారేయడం కన్నా ఇది ఎంతో మేలు.

తల్లులారా! ఈ పనిలో మీ పిల్లలనూ కలుపుకోండి. నీళ్ల గిన్నె నింపే పని వారికే అప్పగించండి. దయ అనేది చిన్నతనంలోనే అలవడాలి.

మూగప్రాణుల పట్ల కరుణ చూపే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.