కట్టు విప్పగానే బిందె ఎత్తొద్దు

భుజం కీలులో చేతి ఎముక తల బంతిలా ఉంటుంది. అది కూర్చునే గుంటకు లోతు తక్కువ. అందుకే చెయ్యి అన్ని వైపులా తిరుగుతుంది. అందుకే జారిపోవడం కూడా తేలిక. ఒకసారి భుజం జారితే గుంట అంచున ఉన్న మెత్తటి పట్టీ చిరగవచ్చు. అప్పుడు మళ్లీ మళ్లీ జారుతుంది. అలాంటి కొందరికి డాక్టర్లు ఆపరేషన్ చేసి ఆ పట్టీని ఎముకకు కుడతారు.

ఆపరేషన్‌తో అంతా అయిపోయిందా? లేదు. కుట్టిన చోటు అతుక్కోవాలి. అందుకని చేతిని మెడకు కట్టి ఉంచుతారు. సాధారణంగా 4 నుంచి 6 వారాలు ఉంచుతారు. పని లేక కండ సన్నబడుతుంది. బంతి జారకుండా పట్టి ఉంచడానికి ఆ కండ బలమే కావాలి.

ఒక ఊళ్లో ఒక కోడలికి ఈ ఆపరేషన్ అయింది. కట్టు విప్పిన వారానికే అత్త, "నొప్పి లేదంటున్నావుగా, నీళ్లు తేవే" అంది. కోడలు బిందె అందుకుంది. అప్పుడే వచ్చిన నర్సమ్మ ఆపింది.

"పెద్దమ్మా! నాటిన నారు వేరు పట్టకముందే పీకుతామా? ఇదీ అంతే. నొప్పి పోతే బలం వచ్చినట్టు కాదు."

"మరి ఎన్నాళ్లమ్మా? పనెవరు చేస్తారు?"

"బరువులకు ఇంచుమించు 6 నెలలు ఆగాలి. తొందరపడితే మళ్లీ జారొచ్చు. మళ్లీ ఆపరేషన్ అంటే ఎన్నాళ్లు?"

అత్త ఏమీ అనలేదు. బిందె కొడుకు చేతికిచ్చింది.

బలం మెట్టు మెట్టుగా వస్తుంది.

కట్టు ఉన్నప్పుడు: వేళ్లు, మణికట్టు ఆడించాలి. పిడికిలి మూసి తెరవాలి. జాకెట్టు తొడిగేటప్పుడు ఆపరేషన్ అయిన చెయ్యి ముందు. విప్పేటప్పుడు చివర.

కట్టు తీశాక: డాక్టరు చెప్పినంత వరకే, మంచి చేతి సాయంతో మెల్లగా లేపాలి. తరువాత సాయం లేకుండా లేపాలి.

సుమారు 3 నెలలకు: రబ్బరు పట్టీ లాగడం, చిన్న బరువులు ఎత్తడం.

సుమారు 6 నెలలకు: రెండు చేతుల బలం పోల్చి చూస్తారు. డాక్టరు సరేనంటేనే మోత పని.

ఈలోగా ఆ చేతిని ఎవరూ పట్టి లాగకూడదు. పైకెత్తి వెనక్కి వంచకూడదు. గట్టిగా మాలిష్ చేయించకూడదు. జ్వరం, చీము, వేళ్ల తిమ్మిరి ఉన్నా, భుజం జారినట్టు అనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

చర్చించండి:
1. నొప్పి పోతే బలం వచ్చినట్టేనా?
2. ఇంట్లో ఒక ఆడమనిషి 6 నెలలు బరువు ఎత్తకూడదంటే, ఆ పని ఎవరెవరు పంచుకోవాలి?